అప్‌డేట్ తర్వాత ఫోన్ మొండికేస్తే

(శ్రీకాకుళంలో మొబైల్ సర్వీసు పనివాళ్లకీ, ఫోన్ వాడకందార్లకీ కలిపి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో రిపేరు బల్ల మీద కూర్చునేవాళ్లున్నారు, వెనకాల ఫోన్ పట్టుకుని సందేహంతో వచ్చినవాళ్లున్నారు. పనివాళ్లు తెలిసిన సంగతి వచ్చినప్పుడు కాస్త ఓపిక పట్టండి. మిగతావాళ్లు అర్థం కాని మాట వస్తే చెయ్యెత్తండి, అక్కడే ఆగుదాం.

కౌంటర్ దగ్గర రోజూ వినిపించే మాట ఒకటుంది. "రాత్రి అప్‌డేట్ ఇచ్చీసాను బాబూ, పొద్దున్నకి ఫోన్ పాడైపోనాది." ఈ మాటలో సగమే నిజం. పాడవడం అంటున్నదాంట్లో వేరువేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. కొన్ని రెండు రోజులాగితే వాటంతటవే సర్దుకుంటాయి. కొన్ని ఏదో సెట్టింగ్ మారడం వల్ల వచ్చినవి. మరికొన్ని ముందునుంచీ లోపల ఉన్న జబ్బులే, అప్‌డేట్ భారానికి బయటపడ్డాయి. అచ్చంగా అప్‌డేట్‌లోనే తప్పున్న సందర్భాలు ఉన్నాయి గానీ, అవి మనం అనుకునేంత ఎక్కువ కాదు. ఇందులో ఏదో తేల్చకుండానే ఫ్యాక్టరీ రీసెట్ (ఫోన్ మొత్తం తుడిచి కొన్న రోజులా చేయడం) కొట్టేయడం మనవైపు అలవాటైపోయింది. ఫొటోలు పోతున్నాయి, వాట్సాప్ పోతోంది, ఒక్కోసారి ఫోనే లాక్ పడిపోతోంది. ఆ రీసెట్‌ని ఎంత వెనక్కి నెట్టొచ్చో చెప్పడమే ఈ పూట నా పని.

మొదట వేడి, చార్జింగ్ సంగతి. పెద్ద వెర్షన్ మారాక ఫోన్ కాలిపోతున్నట్టుంటుంది, చార్జింగ్ సాయంత్రానికే దిగిపోతుంది. ఎందుకంటే సిస్టమ్ మారగానే ఆండ్రాయిడ్ మీ యాప్‌లన్నిటినీ కొత్త సిస్టమ్‌కి తగ్గట్టు మళ్లీ కంపైల్ చేసుకోవాలి, అంటే తనకి అర్థమయ్యే భాషలోకి మళ్లీ మార్చుకోవాలి. గ్యాలరీ మొత్తం తిరగేసి ఫొటోల్లో మొహాలనీ వస్తువులనీ మళ్లీ గుర్తుపట్టుకోవాలి. ప్లే స్టోర్ ఆ వెర్షన్‌కి తగిన యాప్‌లు దించుకోవాలి. ఇదంతా వెనకాల జరిగే పని. ఐఫోన్‌లోనూ ఇంతే; అప్‌డేట్ అయిన కొద్ది రోజులు చార్జింగ్ మీదా వేడి మీదా ప్రభావం ఉండొచ్చని ఆపిల్ కంపెనీయే రాసి పెట్టింది.

ఇక్కడో మెలిక ఉంది. ఆండ్రాయిడ్‌లో ఆ కంపైల్ పని ముఖ్యంగా ఫోన్ చార్జింగ్‌లో ఉండి, ఎవరూ ముట్టుకోకుండా ఉన్నప్పుడే సాగుతుంది. అర్ధరాత్రి దాకా రీల్స్ చూసి, చార్జర్ తీసి తలకింద పెట్టుకుని పడుకునేవాళ్ల ఫోన్‌లో ఆ పని వారమైనా తెమలదు. కాబట్టి అప్‌డేట్ అయ్యాక రెండు రాత్రులు ఫోన్‌ని వైఫై ఉంటే వైఫైలో పెట్టి, మందపాటి కవరు తీసేసి, గట్టి బల్ల మీద చార్జింగ్‌లో వదిలేయండి. దిండు కింద వద్దు, పరుపు మీద వద్దు. మూడో రోజు కూడా అలాగే దిగిపోతుంటే అప్పుడు సెట్టింగ్స్‌లో బ్యాటరీ యూసేజ్ తెరిచి ఏ యాప్ పైన కూర్చుందో చూడండి. మొదటి రోజే చూసి ఫలానా యాప్‌దే తప్పని తేల్చేయొద్దు.

రాత్రి దానంతటదే రీస్టార్ట్ అయిన ఫోన్‌తో ఇంకో గాబరా ఉంటుంది. పొద్దున్న వాట్సాప్ మెసేజ్ ఒక్కటీ రాలేదు, ఫోన్ చేసినవాళ్ల పేరు కాకుండా నంబరు మాత్రమే కనిపిస్తోంది, వేలిముద్ర తీసుకోవట్లేదు. కాంటాక్టులన్నీ పోయాయని పరుగెత్తుకొస్తారు. ఏమీ పోలేదు. రీస్టార్ట్ అయ్యాక ఒకసారి పిన్ గానీ ప్యాటర్న్ గానీ కొట్టేదాకా లోపలి డేటా తాళం వేసి ఉంటుంది. అలారం, వచ్చే కాల్ లాంటివి మాత్రం ఆ తాళం బయట పనిచేస్తాయి. పిన్ కొడితే అన్నీ వచ్చేస్తాయి. ఏడాదిగా వేలిముద్రతోనే తెరుస్తూ పిన్ మర్చిపోయినవాళ్లకే అసలు చిక్కు. అప్‌డేట్ బటన్ నొక్కే ముందు పిన్ గుర్తుందో లేదో ఒకసారి కొట్టి చూసుకోండి.

ఇప్పుడు బ్యాటరీ. ముప్పై శాతం చూపిస్తూ చూపిస్తూ ఫోన్ ఒక్కసారిగా ఆగిపోవడం, చార్జర్ పెట్టగానే మళ్లీ ఇరవై అయిదు చూపించడం. ఇది అప్‌డేట్ జబ్బు కాదు. పాత లిథియం బ్యాటరీలో లోపలి నిరోధం పెరిగిపోతుంది. కొత్త సిస్టమ్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగేసరికి వోల్టేజి పడిపోతుంది, బోర్డు ఆగిపోతుంది. పాత సిస్టమ్‌లో అంత లాగుడు లేదు గనక నెట్టుకొచ్చింది. ఐఫోన్‌లో ఇదే పెద్ద గొడవైంది. 2017లో వచ్చిన 10.2.1 వెర్షన్ నుంచి అరిగిన బ్యాటరీలున్న ఫోన్లను కావాలని నెమ్మది చేస్తున్నామని ఆపిల్ ఆ డిసెంబరులో ఒప్పుకుంది. బ్యాటరీ మార్పిడి ధర అమెరికాలో 79 డాలర్ల నుంచి 29కి దించింది. బ్యాటరీ హెల్త్ చూపించే పేజీ 11.3 వెర్షన్‌లో వచ్చింది ఆ గొడవ తర్వాతే. గూగుల్ కూడా 2025 జులైలో పిక్సెల్ 6ఎ ఫోన్లకి, 400 చార్జింగ్ సైకిళ్లు దాటాక బ్యాటరీ సామర్థ్యాన్నీ చార్జింగ్ వేగాన్నీ తగ్గించే అప్‌డేట్ పంపింది, వేడెక్కి ప్రమాదం జరక్కుండా. అలాంటి ఫోన్ బల్ల మీదకి వస్తే సాఫ్ట్‌వేర్ మళ్లీ వేసి కస్టమర్ దగ్గర డబ్బులు తీసుకోవడం న్యాయం కాదు.

సామ్‌సంగ్ వాళ్లకి ఇంకోటి. 80 శాతం దగ్గర చార్జింగ్ ఆగిపోతోందని వస్తారు. వన్ యూఐ (సామ్‌సంగ్ సొంత సిస్టమ్ రూపం) 6.1 వెర్షన్‌లో బ్యాటరీ ప్రొటెక్షన్ కింద బేసిక్, అడాప్టివ్, మాక్సిమమ్ అని మూడు పెట్టారు. మాక్సిమమ్ పెడితే మామూలుగా 80 దగ్గర ఆగుతుంది. అది మార్చుకుంటే సరి. రోజంతా ప్లగ్ దగ్గరే ఉండే షాపు ఫోన్‌కి మాత్రం ఆ 80యే మంచిది, అలాగే ఉంచేయండి.

సిగ్నల్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన జిల్లాలో కంప్లైంట్లు ఇక్కడే ఎక్కువ. "నెట్ వస్తోంది, కాల్ వెళ్లట్లేదు" అన్నారంటే, ముందు అది ఏ సిమ్మో అడగండి. జియోకి 2జీ, 3జీ లేవు. మాట మామూలుగా 4జీ మీద, వోల్ట్ (VoLTE, నెట్ దారిలోనే కాల్ పంపే పద్ధతి) ద్వారానే వెళ్లాలి. అప్‌డేట్‌లో వోల్ట్ బటన్ ఆఫ్ అయిందంటే నెట్ బాగానే ఉంటుంది, కాల్ మాత్రం చావదు, బతకదు. ఎయిర్‌టెల్‌కి 2జీ ఉంది గనక వోల్ట్ ఆగినా కాల్ అటు దిగి వెళ్తుంది. కాకపోతే మాట్లాడుతున్నంతసేపూ నెట్ ఆగిపోతుంది. ఆ ఒక్క గుర్తుతో సంగతి పట్టేయొచ్చు. సిమ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, వోల్ట్ గానీ 4జీ కాలింగ్ గానీ అని ఉన్నది ఆన్ చేయండి. కనిపించకపోతే సిమ్ తీసి, ఫోన్ ఆపి, సిమ్ పెట్టి మళ్లీ ఆన్ చేయండి. కంపెనీ ప్రొఫైల్ మళ్లీ ఎక్కుతుంది. పనివాళ్లయితే *#*#4636#*#* కొట్టి ఫోన్ సమాచారంలో వోల్ట్ ప్రొవిజన్ అయిందో లేదో చూడొచ్చు. కొన్ని కంపెనీలు ఆ మెనూ మూసేశాయి, రాకపోతే వదిలేయండి.

కాల్ బాగుండి నెట్ రాకపోతే ఏపీఎన్ (సిమ్ కంపెనీ నెట్‌కి దారి చూపే సెట్టింగ్) చూడండి. జియోకి జియోనెట్, బీఎస్ఎన్ఎల్‌కి బీఎస్ఎన్ఎల్‌నెట్, ఎయిర్‌టెల్‌కి ఎయిర్‌టెల్‌జీపీఆర్‌ఎస్ డాట్ కామ్. అన్నీ ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా. ఏపీఎన్ ప్రోటోకాల్ దగ్గర ఐపీవీ4, ఐపీవీ6 రెండూ కలిపి ఉన్నది ఎంచుకోండి. ఒట్టి ఐపీవీ4 పెడితే జియోలో తిప్పలు పడతారు. మీరేదో మార్చేసి గందరగోళమైతే ఆ పేజీ పైన మూడు చుక్కల్లో రీసెట్ టు డిఫాల్ట్ ఉంది, అది నొక్కితే మొదటికొస్తుంది.

ఇచ్ఛాపురం, కవిటి వైపు వాళ్లు ఇంకోటి చూసుకోవాలి. సరిహద్దు కదా, ఫోన్ ఒడిశా సర్కిల్ టవర్ పట్టుకుంటే కొన్ని సిమ్ములకి సిగ్నల్ గీతల పక్కన ఆర్ అక్షరం కనిపిస్తుంది. అప్పుడు డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉంటే నెట్ ఆగిపోతుంది. నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చేస్తే ఆ బటన్ ఆఫ్‌కి వెళ్లిపోవడం మామూలే. దేశం లోపల రోమింగ్‌కి భయపడి ఆపుకోనక్కర్లేదు, ఆన్ చేసుకోండి. గల్ఫ్‌కి వెళ్లే పిల్లలు మాత్రం విమానం ఎక్కే ముందు ఆపుకోవాలి.

సిగ్నల్ పలచగా ఉండే కొండ ఊళ్లలో, తోటల మధ్య, 5జీ ఫోన్ అప్‌డేట్ తర్వాత త్వరగా ఖాళీ అవుతోందంటే, ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్ మళ్లీ 5జీకి మారిందేమో చూడండి. దొరకని 5జీ కోసం ఫోన్ పదేపదే వెతుక్కుంటుంది, దూరపు టవర్‌ని అందుకోడానికి ఎక్కువ శక్తితో పంపుతుంది. దాన్ని 4జీకి మార్చి రెండు రోజులు చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ఇవన్నీ చూశాకే నెట్‌వర్క్ రీసెట్. ఫొటోలు, మెసేజ్‌లు పోవు. వైఫై పాస్‌వర్డ్‌లూ, జత చేసుకున్న బ్లూటూత్ పరికరాలూ పోతాయి. ఈ-సిమ్ (విడిగా ముక్క లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్) వాడేవాళ్లు అక్కడ ఈ-సిమ్ తుడిచేయాలా అని అడిగే గడిలో టిక్ పెట్టొద్దు. పెడితే మళ్లీ ఈ-సిమ్ తెచ్చుకోవడానికి స్టోర్ చుట్టూ తిరగాలి.

డబ్బు యాప్‌ల సంగతి. అప్‌డేట్ తర్వాత ఫోన్‌పే గానీ గూగుల్ పే గానీ మళ్లీ నంబరు ధ్రువీకరించమంటే కంగారొద్దు. యూపీఐ మీ సిమ్‌కీ ఆ ఫోన్‌కీ ముడిపడి ఉంటుంది. ఆ ముడి మళ్లీ వేయడానికి యాప్ మీ సిమ్ నుంచి ఒక ఎస్ఎంఎస్ బయటికి పంపుతుంది. ఓటీపీ లోపలికి రావడం కాదు, ఎస్ఎంఎస్ బయటికి వెళ్లడం ముఖ్యం. రీచార్జి గడువు తీరిపోయి ఇన్‌కమింగ్ మాత్రమే వస్తున్న సిమ్‌తో ఇది జరగదు. ఎస్ఎంఎస్‌లు లేని చవక ప్యాక్‌తోనూ ఆగిపోతుంది. రెండు సిమ్ములుంటే బ్యాంకులో ఇచ్చిన నంబరున్న సిమ్ ఎంచుకోండి, ఆ యాప్‌కి ఎస్ఎంఎస్ పర్మిషన్ ఉందో లేదో చూడండి. ఆ నిమిషం వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద ప్రయత్నించడం నయం. కొత్తగా నమోదైన ఫోన్ కింద లెక్కేస్తే మొదటి 24 గంటలు చాలా బ్యాంకుల్లో 5,000 రూపాయలే పరిమితి, కాబట్టి ఎల్లుండి ఫీజు కట్టాలంటే ఈ పని ఇవాళే తెమల్చుకోండి. యూపీఐ పిన్ మారదు. అప్‌డేట్ పేరు చెప్పి ఎవరైనా ఫోన్‌లో పిన్ అడిగారంటే వాడు దొంగే.

బ్యాంకు యాప్ తెరుచుకోకుండా "మీ పరికరం సురక్షితం కాదు" అంటే, డెవలపర్ ఆప్షన్స్ (మామూలుగా దాచి ఉంచే సాంకేతిక సెట్టింగ్స్) ఆన్‌లో ఉన్నాయేమో చూడండి. రిపేరుకి ఇచ్చినప్పుడు యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి అలాగే వదిలేసే పనివాళ్లున్నారు. ఇది మనలో మన మాట: ఫోన్ తిరిగి ఇచ్చే ముందు అది ఆపి ఇవ్వండి. బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే సిస్టమ్‌ని లేపే భాగం) అన్‌లాక్ చేసిన ఫోన్‌లో అయితే అది కూడా చాలదు, చాలా బ్యాంకు యాప్‌లు అక్కడ పనిచేయనే చేయవు.

నోటిఫికేషన్లు ఆలస్యంగా వస్తున్నాయి, యాప్ తెరిస్తేగానీ మెసేజ్ రావట్లేదు అంటే రెండు చోట్ల చూడాలి. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్ పంపడానికి యాప్ మన అనుమతి అడగాలి. హడావుడిలో వద్దు అని నొక్కేస్తే అంతే సంగతులు. యాప్ ఇన్ఫోలో నోటిఫికేషన్స్ ఆన్ చేయాలి. రెండోది కంపెనీల సొంత బ్యాటరీ పొదుపు. షావోమీ, వివో, ఒప్పో, రియల్‌మీలలో ఆటోస్టార్ట్ అనుమతి అప్‌డేట్‌లో పోతే ఆ యాప్‌కి ఇవ్వాలి, బ్యాటరీ దగ్గర నో రిస్ట్రిక్షన్స్ పెట్టాలి. సామ్‌సంగ్‌లో డీప్ స్లీపింగ్ యాప్స్ జాబితాలో ఉంటే తీసేయాలి. వాట్సాప్, బ్యాంకు, స్కూలు యాప్, ఇలా మూడు నాలుగింటికి చేస్తే చాలు. అన్నిటికీ చేస్తే సాయంత్రానికి మళ్లీ చార్జింగ్ లేదంటారు.

యాప్‌లు తెరవగానే మూసుకుపోతుంటే, ఒక్కటేనా, చాలానా? చాలా యాప్‌లు ఒకేసారి పడిపోతుంటే వెబ్‌వ్యూని అనుమానించండి. యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించే భాగం అది, పేరు ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ. 2021 మార్చిలో దానికి వచ్చిన ఒక్క చెడ్డ అప్‌డేట్‌తో జీమెయిల్ దగ్గర్నుంచి ఎన్నో యాప్‌లు ప్రపంచమంతా కుప్పకూలాయి. ప్లే స్టోర్‌లో ఆ పేరుతో వెతికి అప్‌డేట్ చేయండి, క్రోమ్‌ని కూడా చేయండి, రీస్టార్ట్ ఇవ్వండి.

ఒక్క యాపే పడిపోతుంటే దాని కేష్ తుడవండి. ఇక్కడ చెయ్యి జారుతుంది, జాగ్రత్త. యాప్ ఇన్ఫోలో స్టోరేజ్ తెరిస్తే రెండు బటన్లు పక్కపక్కనే ఉంటాయి. క్లియర్ కేష్ నొక్కితే తాత్కాలిక ఫైళ్లే పోతాయి. క్లియర్ డేటా నొక్కితే ఆ యాప్ కొత్తగా వేసుకున్నట్టు అయిపోతుంది. వాట్సాప్‌కి అది నొక్కారంటే బ్యాకప్‌లో ఉన్నదే మిగులుతుంది, లేనిది పోయినట్టే. పాతకాలపు యాప్‌లైతే ఏం చేసినా లేవవు. ఎప్పుడో ఎవరో పంపిన పాత ఏపీకే ఫైల్ (యాప్‌ని నేరుగా వేసే ఫైల్) దాచుకుని వేసుకుంటామంటే కుదరకపోవచ్చు. ఆండ్రాయిడ్ 14 నుంచి మరీ పాత సిస్టమ్‌కి రాసిన యాప్‌లని వేసుకోనివ్వడమే మానేసింది. ఐఫోన్‌లో 2017లో 11వ వెర్షన్‌తో 32 బిట్ యాప్‌లన్నీ అలాగే పోయాయి.

ఫోన్ మొత్తం హ్యాంగ్ అవుతోందా? ముందు స్టోరేజ్ చూడండి. 64 జీబీ ఫోన్‌లో 2 జీబీ మిగిలి ఉంటే అప్‌డేట్ ఉన్నా లేకున్నా అది నత్తే. పది, పదిహేను శాతం ఖాళీ ఉండాలి. గ్యాలరీలో తుడిచేసినవి ట్రాష్‌లో 30 రోజుల దాకా ఉంటాయి, అక్కడ కూడా ఖాళీ చేస్తేనే చోటొస్తుంది. వాట్సాప్‌లో స్టోరేజ్ అండ్ డేటా, మేనేజ్ స్టోరేజ్ తెరిస్తే 5 ఎంబీ దాటిన వీడియోలన్నీ ఒకచోట కనిపిస్తాయి. గుడ్ మార్నింగ్‌లూ పెళ్లి వీడియోలూ అక్కడే గుట్టపడి ఉంటాయి.

చోటున్నా హ్యాంగ్ అవుతుంటే సేఫ్ మోడ్. పవర్ మెనూలో పవర్ ఆఫ్ బొమ్మ మీద వేలు అలాగే నొక్కి ఉంచితే చాలా ఫోన్లలో అడుగుతుంది. సేఫ్ మోడ్‌లో మనం వేసుకున్న యాప్‌లేవీ నడవవు. అక్కడ ఫోన్ హాయిగా ఉందంటే దోషం మనం వేసిన యాప్‌ది. ఈమధ్య వేసినవి ఒక్కొక్కటే తీసేస్తూ రండి. సేఫ్ మోడ్‌లోనూ అలాగే ఉంటే సిస్టమ్‌దో, హార్డ్‌వేర్‌దో. బయటికి రావడానికి రీస్టార్ట్ చాలు. హోమ్ స్క్రీన్ మీద కొన్ని విడ్జెట్లు ఎగిరిపోవచ్చు, మళ్లీ పెట్టుకోవాలి.

తర్వాతి మెట్టు రికవరీ, అంటే సిస్టమ్ లేవకుండానే తెరుచుకునే రిపేరు మెనూ. ఇది పనివాళ్ల కోసం. సామ్‌సంగ్‌లో ఆండ్రాయిడ్ 11 నుంచి ఫోన్‌ని కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలిస్తేనే వాల్యూమ్ అప్, పవర్ నొక్కినప్పుడు రికవరీ వస్తుంది. ఒట్టి చార్జర్ సరిపోదు. అందులో వైప్ కేష్ పార్టిషన్ ఉంటే అది, రిపేర్ యాప్స్ ఉంటే అది, రెండిటితోనూ డేటా పోదు. కానీ యూట్యూబ్ చూసి అన్ని ఫోన్లకీ ఇదే మంత్రం వేయొద్దు. రెండేసి స్లాట్లలో, అంటే రెండు వేరు అరల్లో సిస్టమ్ పెట్టుకునే కొత్త ఫోన్లలో ఆ కేష్ పార్టిషనే ఉండదు. షావోమీ రికవరీలో ముఖ్యంగా కనిపించేవి మూడు: రీబూట్, వైప్ డేటా, కంప్యూటర్‌కి కలపడం. వీడియోలో వైప్ అన్నాడు కదాని ఇక్కడ వైప్ డేటా నొక్కితే ఇల్లు గుల్లే. రికవరీలో డేటా అనే మాట ఎక్కడ కనిపించినా వేలు వెనక్కి తీసుకోండి.

లోగో దగ్గరే ఆగిపోయి తిరుగుతూ ఉంటే, అప్‌డేట్ అయిన మొదటిసారి పావుగంట, ఇరవై నిమిషాలు ఓపిక పట్టండి. ఆ తర్వాత కూడా అంతే ఉంటే, సామ్‌సంగ్ లాంటి ఫోన్లలో పవర్, వాల్యూమ్ డౌన్ కలిపి పది నుంచి ఇరవై సెకన్లు నొక్కి పట్టండి. రెండు స్లాట్ల ఫోన్ అయితే కొత్త సిస్టమ్ లేవకపోతే కొన్ని ప్రయత్నాల తర్వాత పాత స్లాట్‌కి తనే వెనక్కి పోయే ఏర్పాటుంది. ఐఫోన్ 8, ఆ తర్వాతి వాటికి వాల్యూమ్ అప్ నొక్కి వదిలి, వాల్యూమ్ డౌన్ నొక్కి వదిలి, పక్క బటన్ లోగో వచ్చేదాకా పట్టాలి. అప్పటికీ లేవకపోతే రికవరీ మోడ్‌లో కంప్యూటర్‌కి పెడితే అప్‌డేట్, రిస్టోర్ అని రెండు అడుగుతుంది. ముందు అప్‌డేటే నొక్కాలి. అది డేటా ముట్టుకోకుండా సిస్టమ్ మళ్లీ వేస్తుంది. రిస్టోర్ అంటే మొత్తం తుడిచేస్తుంది.

డిస్‌ప్లే మీద ఆకుపచ్చ గీత, గులాబీ గీత నిలువునా పడడం. ఇది ఎక్కువ గొడవలు తెచ్చింది. అమోలెడ్ తెర అంచున సన్నటి ఫ్లెక్స్ (రిబ్బన్ లాంటి తీగ) అతుకులుంటాయి. అక్కడ బలహీనపడి ఉన్న అతుకు అప్‌డేట్ వేళ ఎక్కిన వేడికి వదిలేయొచ్చు. గీత పడ్డాక ఏ సాఫ్ట్‌వేర్ వేసినా పోదు, రీసెట్‌తోనూ పోదు. సేఫ్ మోడ్‌లోనూ, రికవరీలోనూ గీత కనిపిస్తోందంటే తెర మార్చాల్సిందే. వారంటీ అయిపోయిందని వెంటనే జేబులోంచి డబ్బు తీయకండి. మన దేశంలో వన్‌ప్లస్, సామ్‌సంగ్ రెండూ కొన్ని మోడళ్లకి ఈ గీతల మీద ఉచితంగా తెర మార్చే వెసులుబాట్లు ఇచ్చాయి. మీ మోడల్‌కి ఇప్పుడు ఉందో లేదో అధికారిక సర్వీస్ సెంటర్లో అడిగాకే బయట కాంబో (తెర, టచ్ కలిసిన సెట్టు) వేయించండి. బయట ఒకసారి విప్పిన ఫోన్‌ని వాళ్లు ముట్టుకోకపోవచ్చు.

బయటి కాంబో వేసిన ఫోన్లకి ఇంకో ముప్పుంది. టచ్ ఐసీతో (టచ్‌ని నడిపే చిప్‌తో) సిస్టమ్ మాట్లాడే పద్ధతి అప్‌డేట్‌లో మారితే ఒరిజినల్ తెర సర్దుకుంటుంది, కాపీ తెర సర్దుకోలేదు. 2018లో ఐఫోన్ 8లకి బయట తెర వేయించుకున్నవాళ్లకి 11.3 వెర్షన్ ఎక్కించగానే టచ్ పోయింది, 11.3.1తో తిరిగొచ్చింది. ఆండ్రాయిడ్‌లోనూ అప్‌డేట్ కాగానే టచ్ దానంతటదే పనిచేస్తుంటే, డెవలపర్ ఆప్షన్స్‌లో పాయింటర్ లొకేషన్ ఆన్ చేసి చూడండి. వేలు పెట్టకుండానే గీతలు గీస్తోందంటే తెర దోషం. సామ్‌సంగ్ అయితే *#0*# కొట్టి టచ్ పరీక్ష చేయొచ్చు. కాపీ కాంబో వేసేటప్పుడు కస్టమర్‌కి ఈ సంగతి బిల్లు మీద రాసి ఇవ్వండి, ఏడాది తర్వాత గొడవ ఉండదు.

కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలికి ఫోన్ టైప్-సీ చార్జింగ్ పోర్టులో పచ్చటి చిలుము పడుతుంది. అప్‌డేట్ తర్వాత తేమ ఉందని హెచ్చరిక వస్తుంటే ముందు పోర్టు ఆరనివ్వండి, పనివాళ్లు కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేయండి. ఫోన్ ఆపేసి చార్జింగ్ పెడితే ఎక్కుతోందా అన్నది మంచి పరీక్ష. బియ్యం డబ్బాలో మాత్రం పెట్టకండి, పిండి లోపలికి పోతుంది.

ఇన్నీ అయ్యాక, చిట్టచివరికి ఫ్యాక్టరీ రీసెట్. దాని ముందు ఒకే ఒక్క ప్రశ్న: ఈ ఫోన్‌లో ఉన్న జీమెయిల్ పాస్‌వర్డ్ మీకు తెలుసా? మనవైపు చాలా ఫోన్లలో జీమెయిల్‌ని కొన్న రోజున షాపులో కుర్రాడే తెరిచి ఉంటాడు. పాస్‌వర్డ్ అతనికే గుర్తుండదు. రికవరీ నుంచి రీసెట్ చేశాక, 2015లో ఆండ్రాయిడ్ 5.1తో వచ్చిన ఎఫ్‌ఆర్‌పీ (దొంగ చేతికి ఫోన్ పనికిరాకుండా చేసే) తాళం ఆ జీమెయిలో, పాత స్క్రీన్ లాకో అడుగుతుంది. లేదంటే ఫోన్ తెరుచుకోదు. అసలు బిల్లు ఉంటే కంపెనీ సర్వీస్ సెంటర్లో తీస్తారు. బిల్లు లేకుండా బైపాస్ చేయమని ఎవరైనా తెస్తే అది దొంగ ఫోన్ కావచ్చు, పనివాళ్లు ఆలోచించుకోండి. కాబట్టి ఫోన్ బాగుండగానే జీమెయిల్ తెరిచి పాస్‌వర్డ్ మార్చి, రికవరీ నంబరు మీది పెట్టుకోండి. కాంటాక్టులు ఫోన్‌లోనా, సిమ్‌లోనా, గూగుల్‌లోనా ఎక్కడున్నాయో చూసి గూగుల్‌లోకి మార్చండి. వాట్సాప్ బ్యాకప్ చివరి తేదీ చూడండి. ఆండ్రాయిడ్‌లో ఆ బ్యాకప్ 2024 నుంచి మీ 15 జీబీ ఉచిత ఖాతాలోనే లెక్కకొస్తోంది. ఖాతా నిండిపోతే బ్యాకప్ ఆగిపోతుంది, చాలామందికి ఆగిన సంగతే తెలీదు.

ప్రశ్నలు అడగండి.

పెద్ద అప్‌డేట్ వచ్చిన రోజే వేసుకోవాలా అని అడుగుతున్నారు. వద్దు. రెండు మూడు వారాలాగండి. 2023 అక్టోబరులో ఆండ్రాయిడ్ 14 వచ్చిన కొత్తలో, ఒకే ఫోన్‌లో ఇద్దరు ముగ్గురు యూజర్లు పెట్టుకున్న పిక్సెల్ ఫోన్లలో సొంత ఫొటోలే తెరుచుకోకుండా పోయాయి. ఆగినవాళ్లకి ఆ బాధ తప్పింది. 4 జీబీ ర్యామ్ ఫోన్‌కి అది ఆఖరి పెద్ద వెర్షన్ అయితే ఇంకా ఆగొచ్చు. నెలనెలా వచ్చే సెక్యూరిటీ ప్యాచ్ మాత్రం ఆపొద్దు. వేసుకునే రోజు 50 శాతం పైగా చార్జింగ్ ఉంచండి. పెద్ద వెర్షన్ రెండు మూడు జీబీ ఉంటుంది. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్‌తో అది మధ్యలో ఆగుతుంది, వైఫై చూసుకోండి.

వాట్సాప్‌లో అప్‌డేట్ అని ఫైల్ వచ్చిందట. వేసుకోకండి. సిస్టమ్ అప్‌డేట్ సెట్టింగ్స్‌లోంచే వస్తుంది, వాట్సాప్‌లో రాదు. వేసేసుకుని డబ్బు పోతే ముందు నెట్ ఆపి, ఇంకో ఫోన్ నుంచి 1930కి చేయండి, బ్యాంకుకి చెప్పండి.

పాత వెర్షన్‌కి దించొచ్చా అని ముందు వరుసలోంచి అడిగారు. ఐఫోన్‌లో ఆపిల్ పాత వెర్షన్‌కి తన డిజిటల్ సంతకం (వేసుకోవచ్చన్న ఆమోదం) ఆపేశాక దారి లేదు. పిక్సెల్ 6 వరుస ఫోన్లు 2022లో ఆండ్రాయిడ్ 13కి వెళ్లాక 12కి తిరిగి రావడం మూసేశారు. సామ్‌సంగ్ అయితే బిల్డ్ నంబరులో చివరి నుంచి అయిదో అక్షరం చూడండి, అదే బూట్‌లోడర్ బిట్. ఫోన్‌లో ఉన్నది 5 అయి, మీ చేతిలోని సిస్టమ్ ఫైల్‌ది 4 అయితే ఓడిన్ (కంప్యూటర్ నుంచి సామ్‌సంగ్‌లోకి సిస్టమ్ ఎక్కించే ప్రోగ్రామ్) ఒప్పుకోదు. రెండూ ఒకటే అయితే దిగుతుంది గానీ డేటా తుడిచే దిగుతుంది. కస్టమర్‌తో ఆ మాట ముందే చెప్పి, సంతకం తీసుకుని, ఫైల్ పేరులో మోడల్‌నీ ఆ అక్షరాన్నీ సరిచూసుకుని అప్పుడు కేబుల్ తగిలించండి.